తుమ్ము రాని గిర్ని

ఉదయం 4:50కి జనగామలో, బచ్చన్నపేటకు పోయే రోడ్డు పక్కనున్న వెల్డింగు షెడ్డు ముందు నుంచి మా ట్రాలీ ఆటో కదిలింది. అందులో 386 కిలోల యంత్రం, రెండు టార్పాలిన్లు, పద్దెనిమిది గజాల తాడు, నేను. పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్‌లో మా అక్క గిర్ని దాకా 86 కిలోమీటర్లు. గంటకు ముప్పై దాటి నడపవద్దని డ్రైవరుతో ముందే ఒప్పందం చేసుకున్నాను. 8:05కి చేరాం. దారి పొడవునా వెనక యంత్రం పక్కనే, దాని ఉక్కు గోడ మీద అరచేయి ఆనించి కూర్చున్నాను. డ్రైవరు రెండుసార్లు ముందుకు రమ్మన్నా పోలేదు. ప్రతి గతుకులోనూ ఏ బోల్టు కదులుతోందో చేతికే తెలియాలనిపించింది. అంతకన్నా, దాన్ని విడిచి కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

నేను మెకానికల్ ఇంజినీరును. భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున యంత్రాల నిర్వహణ చూసేవాణ్ణి. మా అక్కది మహబూబాబాద్‌లో కారం పట్టే గిర్ని. బావ మూడెకరాల చేను చూసుకుంటాడు. ఇంటిని నడిపేది మాత్రం గిర్నే. అదీ ఏడాదంతా కాదు. మిరప కల్లాల్లో ఎండి ఇళ్లకు చేరే ఫిబ్రవరి చివర నుంచి సుమారు పది వారాలు. ఊళ్లవాళ్లు, తండాలవాళ్లు ఏడాదికి సరిపడా కారం ఆ పది వారాల్లోనే పట్టించుకుంటారు. మిగిలిన నెలల్లో అక్క పసుపు కొమ్ములు, పిండి పట్టి కాలం వెళ్లదీస్తుంది.

అక్క పాత యంత్రాన్ని నేను చాలాసార్లు పరీక్షించాను. దాని నుంచి రాలే కారంలో థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు చూపేది. ఆ వేడికి ఎరుపు గోధుమ రంగు వైపు జారిపోతుంది, వాసన గాలిలో కలిసిపోతుంది. మెత్తని పొడి కొంత గుడ్డ గొట్టంలోంచి లేచి గది నిండా తేలుతుంది. అక్క ముక్కుకు తువ్వాలు బిగించుకుని పది వారాలూ దగ్గుతూనే ఉంటుంది. బల్ల మీద కూర్చున్న గిరాకీలు తుమ్ముతూనే ఉంటారు.

నేను చేయించిన యంత్రం దీనికి పూర్తిగా భిన్నం. రెండు గోడల మధ్య నీళ్లు తిరుగుతాయి. లోపలి గాలిని ఒక పంకా పీలుస్తుంది. పొడి ఒక ఉక్కు గరాటులో సుడి తిరుగుతూ అడుగునున్న డ్రమ్ములోకి దిగుతుంది. అంతా మూసి ఉంటుంది. జనగామ షెడ్డులో మొదటి పరీక్షకు పది కిలోల మిర్చి పోస్తే తొమ్మిది కిలోల తొమ్మిది వందల గ్రాముల కారం వచ్చింది, 41 డిగ్రీల వద్ద. కాగితం మీద వేసిన గీత కళ్ల ముందు తిరిగి, నేను లెక్కకట్టిన అంకెకు రెండు డిగ్రీల తేడాతో ఫలితం ఇవ్వడం చూస్తే ఒళ్లు ఎలా పులకరిస్తుందో, అలాంటి పని చేసినవాళ్లకే తెలుస్తుంది. షెడ్డు మేస్త్రి మాత్రం ముక్కు తడుముకున్నాడు.

"సార్, మిర్చి పట్టిన షెడ్డుల నిలవడి ఒక్క తుమ్ము తుమ్మలే నేను. నా ముక్కే ఖరాబయిందేమో జర సూడున్రి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో హెచ్చరిక ఉందని నాకు తోచలేదు.

అంతకు ముందటి వానకాలంలో హైదరాబాద్‌లో మూడు రోజుల శిక్షణకు పోయి వచ్చాను. అక్కడ బోర్డు మీద రెండు నిలువు గడులు గీశారు. ఎడమవైపు వ్యాపార యజమాని, కుడివైపు ఔత్సాహిక పారిశ్రామికవేత్త. యజమాని ఉన్నదాన్ని నడుపుతాడు, రెండోవాడు లేనిదాన్ని పుట్టిస్తాడు; యజమాని నష్టాన్ని తప్పించుకుంటాడు, రెండోవాడు నష్టానికి తెగిస్తాడు. నాకు అది చాలా స్పష్టంగా, కొలతలున్న నమూనాలా కనిపించింది. ఎడమ గడిలో అక్కను, కుడి గడిలో నన్ను వేసుకుని, బస్సు ఎక్కగానే ఆమెకు ఫోన్ చేసి మొత్తం వివరించాను.

"గా రెండోదాని పేరేంది? మల్లొక్కసారి చెప్పు," అంది అక్క.

"ఔత్సాహిక పారిశ్రామికవేత్త."

"నువ్వు గది చెప్పెటాల్లకు నేను అయిదు కిలోల కారం పడుత తమ్మీ."

ఆమె ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అసలు చిక్కు కరెంటుతో వచ్చింది. గిర్నికి మంజూరైనది పది హార్స్‌పవర్. పాతది ఏడున్నర, కొత్తది ఏడున్నర. రెండూ కలిపి నడపడం కుదరదు. గది కూడా పన్నెండడుగులకు పద్నాలుగు. అంటే కొత్తది లోపలికి రావాలంటే పాతది బయటి రేకుల కిందికి పోవాలి, సీజను మొత్తం కొత్తదాని మీదే నడవాలి.

"దగ్గు తగ్గుతదంటున్నవు, సరే తీస్కరా," అని చివరికి అంది. "కని ఒక్కటి యాదికుంచుకో. నీకు గిది మిషను. నాకు గీ పది వారాలే యాడాది."

ఆదివారం సాయంత్రానికి బిగింపు పూర్తయింది. నీటి గొట్టాలు కలిపాం, మోటారు తిరిగే దిశ సరిచూశాం, అద్దంలా తుడిచాం. ఎండలో కాకుండా నీడలో వేచి ఉండాలని గిరాకీల కోసం బయట రెండు కొత్త ప్లాస్టిక్ కుర్చీలు వేయించాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మొదటిసారి బడికి పోయే పిల్లవాడికి పట్టనట్టు.

సోమవారం మొదటి గిరాకీగా గూడూరు వైపు తండా నుంచి ఒక అవ్వ, ఆమె కోడలు వచ్చారు. అక్క గిర్ని పెట్టినప్పటి నుంచీ ప్రతి ఏడూ ఇక్కడే పట్టించుకునే కుటుంబం అది. తమ చేలో పండినది, తామే తొడిమలు తీసినది, పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. ఘాటుకు తేజ రకం, రంగుకు చపాట రకం, చెరిసగం. అవ్వ గదిలోకి వచ్చి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగింది.

"మూతి ఏది బిడ్డా?"

"ఏం మూతి అవ్వా?" అంది అక్క.

"కారం వచ్చే మూతి. నేనేడ గూసోవాలె?"

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. పాత గిర్నిలో ఎవరి మిర్చి వారే గంపతో దగ్గరుండి పోయిస్తారు. ముందటివాళ్ల కారం లోపల మిగిలి ఉంటుంది కనుక, మొదట తమ మిర్చి ఒక దోసెడు వేసి ఆ మిగులును వెళ్లగొట్టిస్తారు. తరవాత ఇంటి మనిషి గుడ్డ గొట్టం కింద కూర్చుని, తన సంచి మూతిని తన చేతులతోనే పట్టుకుంటుంది. కళ్లు మండుతాయి, తుమ్ములు వస్తాయి; అయినా లేవదు. నేను ఆ దృశ్యాన్ని చిన్నప్పటి నుంచి చూస్తూ, దాన్ని తొలగించవలసిన అసౌకర్యంగా నమోదు చేసుకున్నాను. అక్క రోజూ చూస్తూ, దాన్ని అసలు పట్టించుకోవడమే మానేసింది.

"నువ్వు కూసునే పనే లేదవ్వా. నీడకు కుర్చీల కూసో. పదకొండు నిమిషాలల్ల అయిపోతది," అన్నాను ఉత్సాహంగా.

అవ్వ కుర్చీ వైపు చూడను కూడా చూడలేదు. యంత్రం ఎదుటే నిలబడింది. పదకొండు నిమిషాల తరవాత నేను డ్రమ్ము మూత తీశాను. అలాంటి ఎరుపును నేను పొడిలో ఎప్పుడూ చూడలేదు. చెట్టు మీద పండిన కాయ రంగు, ఎండి నలిగిన తరవాత కూడా ఏమాత్రం చెదరకుండా నిలిచింది. థర్మామీటరు 43 చూపింది. 

అవ్వ చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది, నాలుక మీద వేసుకుంది. కోడలితో తమ భాషలో ఏదో అంది. కోడలు నా వైపు కాక అక్క వైపు చూసి చెప్పింది.

"రంగేసిన్రా అని అడుగుతుంది మా అత్త."

"రంగెందుకేస్తమమ్మా, మీ మిర్చి రంగే గది," అంది అక్క, కాంటా దగ్గరికి లాగుతూ. పద్నాలుగు కిలోల యాభై గ్రాములు తూగింది.

అవ్వ ముఖం ఇంకా బిగుసుకుంది. "ప్రతి యాడాది గింత మిర్చికి పదమూడున్నర అయితది. గీ అరకిలో ఏడికెల్లి వచ్చింది?"

"ఇదివరకు గాలిల పోతుండె అవ్వా. గిప్పుడు పోలే," అన్నాను.

"గాలిల పోతె తుమ్మొస్తది. పోకపోతె రాదు, గంతేనా? మా మిర్చి పడితె తుమ్ము రాకుంట ఎట్ల ఉంటది బిడ్డా?" ఆమె యంత్రాన్ని చేత్తో తట్టింది. "ఈడ పోసిన. ఆడ తీసినవు. నడుమ డబ్బల ఏమైందో ఎవలికెర్క? గిది మంచి కారమే. ఎవలిదో గని మాది గాదు."

తుమ్ము రాకపోవడం, రంగు చెడకపోవడం, తరుగు లేకపోవడం. నేను రెండేళ్లు కష్టపడి సాధించిన మూడు ఫలితాలు ఒక్క నిమిషంలో మూడు సాక్ష్యాలుగా మారి మా ఎదుట నిలబడ్డాయి. ఆమె తర్కంలో ఎక్కడా లోపం లేదు. ఇన్నేళ్ల అనుభవం ప్రకారం ఆమె మిర్చి తగ్గాలి, నల్లబడాలి, తుమ్మించాలి. ఇది ఏదీ చేయలేదు. అవ్వ కూలి డబ్బులు ఇచ్చి, సంచిని ఒంటికి దూరంగా పట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం తొమ్మిది కుటుంబాలు వచ్చాయి. మంగళవారం అయిదు. బుధవారం రెండు. గురువారం ఒక్కటే. రైలు గేటు అవతల ఇంకో గిర్ని ఉంది. అక్కడ వరస రోడ్డు మీదికి వచ్చిందని బావ చూసి వచ్చి చెప్పాడు. శుక్రవారం ఒక పెద్దాయన మా గడపలో నిలబడి, మిర్చి సంచి సైకిలు మీదే ఉంచి, తీరికగా అడిగాడు.

"మీ తమ్ముడు భూపాలపల్లిల బొగ్గు కాడ పనిజేస్తడట గద బిడ్డా. నల్లటిది సూసి సూసి ఇసుగొచ్చి కారానికి రంగు పూస్తుండా ఏంది?"

"పూస్తే నీ సైకిలుకు పూస్తడు బాపు, తుప్పు పట్టింది," అంది అక్క. అతను నవ్వాడు. నవ్వుతూనే రైలు గేటు వైపు పోయాడు.

నేను సెలవు పొడిగించాను. సమస్య కనపడకపోవడమే అయితే కనపడేలా చేయాలి, అంతే కదా అనుకున్నాను. డ్రమ్ము పైభాగాన్ని కోసి, ముప్పై సెంటీమీటర్ల గట్టి అద్దం బిగించాను. నాలుగు నిమిషాల్లో అద్దం లోపలి వైపు కారం అతుక్కుని ఎర్రని గోడ అయిపోయింది. మరునాడు పాత కారు వైపరు ఒకటి తెచ్చి, చిన్న మోటారుతో లోపల అమర్చాను. అది చక్కగా పనిచేసింది. నిజం చెప్పాలంటే ఆ వైపరు కదలడం మొదలుపెట్టిన క్షణంలో నేను గిరాకీల సంగతే మరిచిపోయి చప్పట్లు కొట్టాను. చూడడానికి వీధిలో సగం మంది వచ్చారు. మిర్చి ఎవరూ తేలేదు.

రెండో వారం గడిచిపోతోంది. ఒక మధ్యాహ్నం అక్క ఖాళీ బల్ల మీద కూర్చుని ఉంది. నేను గరాటు కోణం మార్చడం గురించి చెబుతున్నాను. ఆమె మధ్యలో ఆపింది.

"తమ్మీ, ఒకటో తారీకు నీ జీతం పడ్డదా?"

"పడ్డది."

"నాకు పడలే."

ఆమె గొంతులో కోపం లేదు. నేను స్పానరు కింద పెట్టాను. శిక్షణలో గీసిన ఆ రెండు గడుల్లో తెగువకు ఒక వరస ఉంది, నష్టానికి ఒక వరస ఉంది. తెగించేది ఎవరు, నష్టం పడేది ఎవరి ఇంటి మీద అని అడిగే వరస లేదు. నా పాతిక రోజుల సెలవుకు జీతం అందుతోంది. ఆమె పది వారాల్లో రెండు కరిగిపోయాయి. నా గడి పేరు ఏదైనా, ఆ గదిలో నిజంగా పందెం కాసి ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఈ వాక్యం నాలో నేను అనుకున్నప్పుడు దిగులు కలగాలి. విచిత్రంగా, తప్పిన లెక్కలో తప్పు ఎక్కడుందో దొరికినప్పటి హుషారు కలిగింది. ఇన్నాళ్లూ రానివాళ్ల గురించే ఆలోచించాను, వచ్చినవాళ్లను లెక్కే పెట్టలేదు.

"గీ పదమూడు రోజులల్ల మల్లొచ్చిన గిరాకీ ఎవరెవరక్కా? ఒకసారి పట్టిచ్చుకోని మల్ల వచ్చినోళ్లు."

అక్క వేళ్లు మడిచింది. "బ్యాంకులావిడ. బడి పంతులు. రైల్వేల పనిజేసేటాయన..."

"మందుల దుకాణమాయన."

"ఆయన గూడ. కోర్టు కాడ టైపు కొట్టే పిల్ల. మొత్తం అయిదుగురు." ఆమె ఆగింది. "వీళ్లంత మిర్చి యాడ తెచ్చిన్రు?"

"మార్కెట్ల కొన్నరు."

"ఎవ్వలకు చేను లేదు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. చేను ఉన్నవాళ్లకు తమ మిర్చి తమ కళ్ల ముందు నుంచి అర నిమిషం మాయమైనా అది వేరే ఇంటిది అయిపోతుంది. మిర్చి కొనుక్కునేవాళ్లకు కంటి ముందు నుంచి మాయం కావడానికి తమదంటూ ఏమీ లేదు. వాళ్లకు కావలసింది మంచి కారం, అంతే. యంత్రంలో లోపం లేదు. అది నిలబడ్డ చోటులో ఉంది.

"చేన్లు లేనోళ్లు గుంపులుగ ఉండే ఊరేది తమ్మీ?" అంది అక్క. జవాబు తెలిసే అడిగింది. నేను తొమ్మిదేళ్లుగా ఉంటున్న భూపాలపల్లి. కాలనీల నిండా గనుల్లో షిఫ్టులు చేసేవాళ్లు, పొద్దున దిగేవాళ్లు, రాత్రి ఎక్కేవాళ్లు. కారం పట్టించడానికి గిర్నిలో రెండు గంటలు కూర్చునే తీరిక ఎవరికీ లేదు. అందరూ పొట్లాం కారం కొంటారు, కొని పుట్టింటి కారాన్ని తలుచుకుంటారు.

పదిహేడో రోజున కొత్త యంత్రాన్ని విప్పి బయటికి తెచ్చాం. పాతదాన్ని రేకుల కింది నుంచి లోపలికి జరిపి బిగించాను. అక్క ముక్కుకు తువ్వాలు కట్టుకుంది. మోటారు వేయగానే గది ఎర్రగా మసకబారింది. అక్క దగ్గింది, బావ తుమ్మాడు, నేను తుమ్మాను. వీధిలో పోతున్న ఒకామె ఆగి, తలుపులోంచి తొంగి చూసింది.

"మల్ల మంచిగ నడుస్తుందా అక్కా గిర్ని?"

"వింటలేవా," అంది అక్క తుమ్ముల మధ్య. మరునాడు నాలుగు కుటుంబాలు వచ్చాయి. వారం తిరిగేసరికి బల్ల నిండింది. తండా అవ్వ మాత్రం రాలేదు. ఆ ఏటి కారం ఆమెకు అప్పటికే ఉంది, ఇష్టం ఉన్నా లేకున్నా.

మహబూబాబాద్ నుంచి భూపాలపల్లికి, నర్సంపేట, ములుగు మీదుగా, మా బండి మీటరు ప్రకారం 118 కిలోమీటర్లు. ఈసారి యంత్రంతో పాటు రెండు క్వింటాళ్ల మిర్చి కూడా ఎక్కించాం. అక్క తనకు తెలిసిన మూడు ఇళ్ల కల్లాల దగ్గరికి స్వయంగా పోయి, కాయ విరిచి చూసి కొన్నది. కాలనీ దారిలో ఒక షట్టరు అద్దెకు తీసుకున్నాను. జీతం పడే చోట ఉంటూ ఈ పని చేస్తే మళ్లీ ఇంకొకరి పందెంతో ఆడినట్టే అవుతుందనిపించి, అదే వారం రాజీనామా పత్రం ఇచ్చాను. మా ఆవిడ నాలుగైదు ప్రశ్నలు అడిగింది, అన్నీ సరైనవే. రెండింటికే నా దగ్గర జవాబు ఉంది. "సరే, ఆ రెండితోనే మొదలుపెట్టుండ్రి," అంది.

మొదటి రోజు సాయంత్రం షిఫ్టు దిగిన ఒక ఆపరేటరు హెల్మెట్ చేతిలో పట్టుకుని వచ్చాడు. యంత్రం వైపు చూడలేదు. బస్తాలో చేయి పెట్టి మిర్చిని చూశాడు.

"ఎవల చేన్ల మిర్చి అన్నా గిది?"

చెప్పాను: మహబూబాబాద్ దగ్గర ఫలానా తండా, ఫలానా ఇల్లు, కొన్నది మా అక్క. "మా అత్తగారూరు గా పక్కకే," అన్నాడు. కళ్ల ముందే రెండు కిలోలు పోసి పట్టి ఇచ్చాను. ఎరుపు చూసి ఈల వేశాడు. "తుమ్ము వస్తలేదేందన్నా?"

తండా అవ్వ గుర్తొచ్చింది. "లోపలనే ఉంటది. బయటికి రాదు."

"మంచిది. మా బిడ్డకు ఆస్తమా," అని డబ్బులిచ్చి పోయాడు. ఎనిమిది గంటలకు మళ్లీ వచ్చాడు, వెనక నలుగురితో.

ఆ తరవాతి ఆరు వారాలు నేను ఎలా గడిపానో తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు నేల మీద నిలవవు. వేకువ అయిదున్నరకే షట్టరు ఎత్తేవాణ్ణి. షిఫ్టు సైరను మా గిరాకీల గంట అయింది. రెండు క్వింటాళ్లు పదిహేను రోజుల్లో అయిపోయాయి. అక్క ఇంకో మూడు పంపింది, మరో మూడు పంపింది. మే నెలలో ఒక రోజు ఆమె ఫోన్ చేసింది. భూపాలపల్లి దగ్గరి రేగొండలో తనకు తెలిసిన ఒక హోటలాయన నెలకు ముప్పై కిలోలు అడుగుతున్నాడని, ధనియాల పొడి కూడా పడదామని, చిన్నది ఇంకో యంత్రం చేయించమని. ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది.

"ముందు ఉన్నది సక్కగ నడవనియ్యక్కా," అన్నాను. "ఇప్పుడే గడబిడ వద్దు. ఉన్న గిరాకీ పోతది."

అవతల కాసేపు నవ్వు తప్ప ఏమీ వినిపించలేదు. "ఏందిరా, పెద్ద సేటు లెక్క మాట్లాడుతున్నవు. నెల రోజులల్ల గింత భయమెట్ల నేర్చినవు?"

రెండు గడులనూ ఎవరు గీశారో గానీ, వాటి మధ్య గోడ కట్టలేదని అప్పుడు తెలిసింది. ఆ వారమే హోటలాయనకు మొదటి ముప్పై కిలోలు పంపాను.

ఆ సీజను ఖర్చులు, నష్టాలు ఇవి. యంత్రం తయారీకి రెండు లక్షల ఎనభై నాలుగు వేల ఆరు వందల రూపాయలు. జనగామ నుంచి మహబూబాబాద్‌కు రవాణా నాలుగు వేల అయిదు వందలు, అక్కడి నుంచి భూపాలపల్లికి ఆరు వేల రెండు వందలు. అద్దం, వైపరు, వాటి మోటారు కలిపి మూడు వేల ఎనిమిది వందల యాభై. షట్టరు అడ్వాన్సు ఇరవై వేలు. అక్కకు దెబ్బతిన్న రోజులు పదిహేడు; ముందటేటి లెక్కతో పోలిస్తే తగ్గిన ఆదాయం నలభై ఒక్క వేలు, అందులో నేను తిరిగి ఇచ్చినది ఇరవై ఆరు వేలు. నేను వదులుకున్నది తొమ్మిదేళ్ల ఉద్యోగం. అక్క గిర్నికి తిరిగి రాని కుటుంబాలు ఇరవై మూడు.